పులి లెక్క అయిపోయింది... కెమెరాకు సెల్లు వేసేదెవరు?

అడవి పెట్టెలకు అసలు పని మొదలయ్యేది లెక్క ముగిశాకే
శిరోంచ నుంచి పర్లాకిమిడి దాకా సరిహద్దు పల్లెల అవసరం ఇది

చాందా అడవుల్లో పుట్టి పెరిగిన ఒక మగపులి 2023లో ఒడిశాలోని గజపతి జిల్లా మహేంద్రగిరి కొండల్లో తేలింది. మహారాష్ట్రలో బయలుదేరి నాలుగు రాష్ట్రాలు తొక్కుకుంటూ వచ్చిందని, అటూ ఇటూ తిరిగిన నడక అంతా కలిపితే 2,000 కిలోమీటర్ల దాకా ఉండొచ్చని అధికారులు అంచనా కట్టారు. పర్లాకిమిడి చుట్టుపక్కల జనం పులి వచ్చిందంటే మొదట నమ్మలేదు. ఆ కొండల్లో పెద్దపులి మాట విని ఏళ్లు గడిచాయి మరి. నమ్మించింది చెట్టుకు కట్టిన ఒక చిన్న పెట్టె. అందులో పడిన ఫొటోలోని చారలను డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థకు పంపితే, వాళ్ల దగ్గరున్న పాత ఫొటోలతో సరిచూసి ఇది చంద్రపూర్ జిల్లా బ్రహ్మపురి అడవుల పులేనని తేల్చారు.

మన వేలిముద్రల్లాగే పులి చారలు కూడా ఒకదానివి ఇంకొకదానికి ఉండవు. కుడి పక్క చారలు వేరు, ఎడమ పక్క చారలు వేరు. అందుకే దారికి అటొకటి ఇటొకటి జంటగా కెమెరాలు కడతారు. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. తెలియనిదేమిటంటే, ఆ పెట్టె పనిచేయాలంటే అందులో ఎవరో ఒకరు సెల్లు మార్చి ఉండాలి. చార్జి అయిపోయిన కెమెరా ముందు నుంచి పది పులులు పోయినా ఒకటే, పోకపోయినా ఒకటే.

లెక్కల సీజను వేరు, భయం సీజను వేరు

దేశంలో పులుల లెక్క నాలుగేళ్లకోసారి జరుగుతుంది. వెనకటికి అడుగుజాడలు చూసి, పారిస్ ప్లాస్టర్ అచ్చులు తీసి లెక్కపెట్టేవారు. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితం మీద పులులున్నాయి గానీ అడవిలో ఒక్కటీ లేదని 2005లో బయటపడ్డాక ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు. 2006 నుంచి కెమెరాలే ఆధారం. ఆ ఏడు తేలిన లెక్క 1,411. 2022 లెక్కకు వచ్చేసరికి అది 3,682. మధ్యలో 2018 లెక్కకు 26,838 చోట్ల కెమెరాలు కడితే 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫొటోలు పడ్డాయి. ప్రపంచంలోనే అతి పెద్ద కెమెరా సర్వేగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. అన్ని కోట్ల ఫొటోల్లో పులులవి 76,651 మాత్రమే. మిగతావన్నీ దుప్పులు, కణుజులు, అడవి పందులు, పశువులు, మనుషులు, గాలికి ఊగిన గడ్డి!

సర్వే ఎక్కువగా చలికాలం నుంచి ఎండాకాలం మధ్యలో జరుగుతుంది. ఒక్కో చోట దాదాపు నెల రోజులు కెమెరాలు ఉంచి, తీసేసి, ఇంకో బ్లాకుకు మారుస్తారు. టైగర్ రిజర్వుల్లో అయితే ఏటా ఏదో ఒక రూపంలో ఈ పని సాగుతూనే ఉంటుంది. చిక్కంతా రిజర్వు బయటి అడవులతోనే. మన వాళ్లు తరతరాలుగా ఉంటున్న ఊళ్లు ఎక్కువగా ఉన్నది అక్కడే.

శిరోంచ తాలూకానే తీసుకోండి. ప్రాణహిత ఒడ్డున నిలబడితే అవతల తెలంగాణ. పులికి ఆ ఏరు ఒక లెక్క కాదు, ఎండాకాలంలో మోకాలి లోతు. తాడోబా, బ్రహ్మపురి వైపు పులులు కిక్కిరిసి, వయసొచ్చిన పిల్లలు కొత్త తావులు వెతుక్కుంటూ ఇటు దిగుతున్నాయి. 2012లో టైగర్ రిజర్వుగా ప్రకటించిన కవ్వాల్ ఆశ అంతా ఈ రాకపోకల మీదే. కాగజ్‌నగర్ అడవుల్లో ఫాల్గుణ అని పేరు పెట్టిన ఆడపులి పిల్లల్ని పెట్టిందీ ఇలా వలస వచ్చాకే. ఆ పులులు తిరిగే దారుల్లోనే పత్తి చేలున్నాయి. పత్తి ఏరే కాలం అక్టోబరు నుంచి జనవరి దాకా. నడుం వంచి పత్తి ఏరే మనిషి దూరం నుంచి పులి కంటికి నాలుగు కాళ్ల జంతువులా కనిపించే ప్రమాదం ఉందని అటవీ సిబ్బంది ఊరూరా తిరిగి చెబుతుంటారు. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు, 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో చేనుకు వెళ్లిన ఒక యువతి పులి దాడిలో చనిపోయారు. ఇంకోవైపు 2024 జనవరిలో అదే డివిజన్‌లోని దరిగాం అడవిలో రెండు పులులు చచ్చి కనిపించాయి. పశువు కళేబరానికి పెట్టిన విషమే కారణమని దర్యాప్తులో తేలింది.

ఆ పులి ఎక్కడ తిరుగుతోందో, ఒకటే ఉందా రెండున్నాయా, పిల్లలున్నాయా అన్నది ఊరికి తెలియాల్సింది ఈ నెలల్లోనే. సర్వే వచ్చేదాకా ఆగితే పత్తి ఇంటికి చేరిపోతుంది. అంటే కెమెరాకు అసలు పని లెక్క లేనప్పుడే ఉందన్నమాట.

పెట్టె పుట్టింది వేటగాళ్ల కోసం

ఈ పెట్టెల వెనక చిన్న కథ ఉంది. అమెరికాలో జార్జి షిరాస్ అనే ఆయన రాత్రిపూట జంతువుల ఫొటోలు తీయడానికి దారికి అడ్డంగా తీగ కట్టి, జంతువు కాలు తగిలితే ఫ్లాష్ వెలిగేలా చేశాడు. ఆయన ఫొటోలను 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక వేసింది. మన దేశంలో ఎఫ్.డబ్ల్యు. చాంపియన్ అనే అటవీ అధికారి శివాలిక్ కొండల్లో అదే కిటుకుతో పులుల ఫొటోలు తీసి 1927లో పుస్తకమే వేశాడు. కెమెరా ఫొటోలతో పులులను శాస్త్రీయంగా లెక్కపెట్టే పద్ధతిని నాగరహొళెలో 1990లలో నిలబెట్టింది కర్ణాటకకే చెందిన ఉల్లాస్ కారంత్.

ఇవాళ మన అడవుల్లో కనిపించే రకం పెట్టెలకు పెద్ద గిరాకీ మాత్రం అమెరికా దుప్పి వేటగాళ్లదే. అక్కడ లైసెన్సు తీసుకుని, ప్రభుత్వం చెప్పిన తేదీల్లో వేటాడొచ్చు. మామూలుగా ఆకురాలు కాలంలో మొదలై జనవరికి అటూ ఇటూగా ముగుస్తుంది. సీజను అయిపోయినా చాలామంది కెమెరాలు దించరు. వేటలో తప్పించుకున్న మగ దుప్పులు ఏవి, మంచులో ఏ దారిన తిరుగుతున్నాయి, కొమ్ములు ఎప్పుడు రాలుస్తున్నాయి అని చూస్తారు. అక్కడి దుప్పి ఏటా చలికాలం చివర్లో కొమ్ములు రాల్చుకుంటుంది. వాటిని ఏరుకోవడం అక్కడివాళ్లకు ఒక సరదా. అక్కడ సమస్య గడ్డకట్టే చలి. మామూలు ఆల్కలైన్ సెల్లు చలికి చతికిలపడతాయి గనక, సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా పనిచేసే లిథియం సెల్లు వేస్తారు. అయితే ఈ పెట్టె వేటగాడికి మరీ ఎక్కువ సాయం చేస్తోందని అక్కడే అభ్యంతరాలు వచ్చాయి. వేట కోసం వీటిని వాడకూడదని అరిజోనా రాష్ట్రం 2022 జనవరి నుంచి నిషేధించింది.

మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టంతో వేటే నేరం. దుప్పి మీద చెయ్యేస్తే జైలే. కాబట్టి వేటగాడి కోసం తయారైన పెట్టె ఇక్కడికొచ్చి వేటగాణ్ణి పట్టించే పెట్టె అయింది. ఎండకు మాత్రం దానికి అలవాటు లేదు.

45 డిగ్రీల్లో గుడ్డిదవుతుంది

పెట్టె లోపల ఒక సెన్సర్ ఉంటుంది. చుట్టూ ఉన్న వేడికి, ఎదురుగా కదిలే ఒంటి వేడికి తేడా పసిగట్టి కెమెరాను లేపుతుంది. అప్పటిదాకా కెమెరా కునుకులోనే ఉంటుంది గనక కరెంటు ఖర్చు నామమాత్రం. చలికాలం తెల్లవారుజామున పులి ఒళ్లు, గాలి మధ్య తేడా బోలెడు. అదే మే నెల మధ్యాహ్నం బల్లార్షా వైపు ఎండ 45 దాటితే బండలు, చెట్లు కూడా పులి ఒంటిలాగే కాగుతుంటాయి. ఎదురుగా జంతువు నడిచినా సెన్సర్‌కు తేడా తెలియదు. అదే ఎండలో గాలికి ఊగే గడ్డికి మాత్రం టక్కున లేచి కూర్చుంటుంది. గడ్డి కోయకుండా కెమెరా కట్టేసి వస్తే ఒక్క రోజులోనే వేల ఫొటోలు పడి చిప్పు నిండిపోతుంది, సెల్లు అయిపోతాయి. అందుకే అనుభవమున్న ట్రాకర్లు ముందు కొడవలి తీసి ఎదురుగా గడ్డి, కొమ్మలు కొట్టేస్తారు. లెన్సును ఉత్తరానికి తిప్పుతారు. తూర్పుకో పడమరకో పెడితే పొద్దునా సాయంత్రం సూర్యుడి ఫొటోలే.

పులికి, చిరుతకు మోకాలి ఎత్తున కడతారు. హోసూరు, డెంకణికోట వైపు ఏనుగుల కోసం ఆ ఎత్తున కడితే వచ్చేది కాళ్ల ఫొటోలే. పైగా ఏనుగు ఊరికే ఉండదు, తొండంతో పీకి కాలి కింద వేస్తుంది. అక్కడ ఎత్తుగా కట్టి కిందికి వంచడమే మేలు.

సెల్లు... ఇదే అసలు రామాయణం

కెమెరా కొనేటప్పుడు ఉన్న ఉత్సాహం సెల్లు కొనేటప్పుడు ఉండదు. ఒక్కో పెట్టెకు నాలుగు, ఎనిమిది, కొన్నింటికి పన్నెండు పెన్సిల్ సెల్లు కావాలి. చోటుకు రెండు కెమెరాలు, కెమెరాకు ఎనిమిది సెల్లు అనుకుంటే 2018లో కెమెరాలు కట్టిన చోట్లకు ఒక్క విడత సెల్లు వేయాలన్నా నాలుగు లక్షలు దాటుతాయి. అన్ని సెల్లు కొనాలి, మోయాలి, వాడేశాక అడవిలో పారేయకుండా తిరిగి తేవాలి.

కరెంటు ఎక్కువ తాగేది రాత్రి ఫొటో. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు డజన్ల కొద్దీ ఒక్కసారి వెలగాలి. వీడియో అయితే అవి వెలుగుతూనే ఉండాలి. కాబట్టి ఎన్ని రోజులు వస్తాయని అడిగితే ఒకటే జవాబు లేదు. రాత్రికి రెండు ఫొటోలు పడే చోట నెలలు వస్తాయి. అడవి పందుల గుంపు ఆడుకునే చోట పది సెకన్ల వీడియో పెట్టారా, వారంలో ఖాళీ.

రిమోట్లకు, గోడ గడియారాలకు వేసే చవక సెల్లు ఇందులో వేయడం దండగ. ఒక్కసారిగా అంత కరెంటు ఇవ్వలేవు. పగలు బాగానే తీసి రాత్రి నల్లటి ఫొటోలు ఇస్తోందంటే కెమెరా చెడిందని కంగారు పడక్కర్లేదు, ముందు సెల్లు చూడండి. ఆల్కలైన్ సెల్లు నయం. కానీ వాటి వోల్టేజి 1.5తో మొదలై రోజురోజుకూ జారుతుంది, దాంతోపాటు ఫ్లాష్ దూరమూ తగ్గుతుంది. లిథియం సెల్లు చివరిదాకా ఒకే బలంతో నిలబడతాయి, బరువూ తక్కువ. ధర మాత్రం ఆల్కలైన్ కంటే కొన్ని రెట్లు. మన చలికి వాటితో పనిలేదు గానీ, రోజంతా నడిస్తే తప్ప చేరలేని గుట్ట మీద కట్టే కెమెరాకు అవే చవక. మళ్లీ మళ్లీ ఎక్కే కూలి మిగులుతుంది కదా.

చార్జింగ్ సెల్లు అందరికీ నచ్చేవి. వీటికి ఉండేది 1.2 వోల్టులే. ఎనిమిది వరసగా కలిస్తే 12కు బదులు 9.6. కొన్ని కెమెరాలు దాన్ని చూసి మొదటిరోజే బ్యాటరీ తక్కువుందని గోల పెడతాయి. సెట్టింగుల్లో సెల్లు రకం మార్చే వీలుంటే మార్చాలి. ఇంకో సంగతి. మామూలు చార్జింగ్ సెల్లు వాడకపోయినా వాటంతట అవే కారుతుంటాయి, వేడికి ఇంకా వేగంగా. ఏడాదైనా చార్జి నిలిచే రకమని పైన రాసి ఉన్నవే తీసుకోవాలి. పాతవి, కొత్తవి కలపడం, రెండు రకాలు కలిపి వేయడం వద్దే వద్దు. ఒక్క నీరసం సెల్లు మిగతా ఏడింటినీ లాగేస్తుంది.

చాలా కెమెరాలకు అడుగున బయటి బ్యాటరీ పెట్టుకునే రంధ్రం ఉంటుంది. చిన్న యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల సీలు బ్యాటరీ తగిలిస్తే ఎనిమిది చార్జింగ్ సెల్లు ఇచ్చేదానికి నాలుగింతలకు పైనే వస్తుంది. బరువు రెండు కిలోలు దాటుతుంది, అదొక్కటే చిక్కు. ముందు కెమెరా 6 వోల్టులదో 12 వోల్టులదో చూసుకోవాలి. తప్పు తగిలిస్తే పొగే.

సోలార్ పలక పెట్టేస్తే పీడా పోతుంది కదా అంటారు. పొలం గట్టున అయితే నిజమే. టేకు అడవిలో కథ వేరు. ఎండాకాలం టేకు ఆకు రాల్చినప్పుడు పలక మీద ఎండ బాగా పడుతుంది. వానలు పడి ఆకు కమ్ముకుంటే, పైన మబ్బు, కింద నీడ. సెల్లు మార్చడానికి మనిషి వెళ్లలేని ఆ వానల్లోనే పలక కూడా చేతులెత్తేస్తుంది. పైగా తళతళ మెరిసే పలక దొంగకు దారి చూపిస్తుంది. సిమ్ వేసి ఫోనుకు ఫొటో పంపే రకం కెమెరాలకు ఇంకో రోగముంది. సిగ్నల్ అందని చోట అవి టవరు కోసం వెతికి వెతికి సెల్లు తినేస్తాయి. ప్రతి ఫొటో వెంటనే కాకుండా రోజుకు ఒకటి రెండుసార్లే పంపేలా పెడితే కొంత నయం. కానీ పులి ఊరి పక్కకు వచ్చిందన్న కబురు రాత్రికి రాత్రే కావాల్సిన చోట ఆ పొదుపు కుదరదు. అలాంటి చోట పెద్ద బ్యాటరీ ఖర్చు భరించాల్సిందే.

చీమలు, వాన, ఆటుపోట్లు

వానాకాలంలో ఎక్కువగా కెమెరాలను దించేస్తారు. తేమకు లోపల అద్దం మసకబారుతుంది, చీమలు గూడు పెడతాయి, సాలీడు లెన్సు ముందే వల అల్లి రాత్రంతా దాని ఫొటోలే తీయించుకుంటుంది. లోపల సిలికా జెల్ పొట్లం, చుట్టూ ఇనుప పంజరం, తాళం ఉంటే కొంత కాపు.

యానాం పక్కన కోరంగి మడ అడవుల్లో పరిస్థితి ఇంకా చిత్రం. అక్కడ వెతికేది బావురు పిల్లి కోసం. చేపలు పట్టి తినే ఈ పిల్లి రాత్రి పూట బురద కయ్యల వెంట తిరుగుతుంది. మోకాలి ఎత్తున కట్టిన కెమెరా పోటు వచ్చేసరికి నీళ్లలో ఉంటుంది. పున్నమికీ అమావాస్యకీ నీరు ఎంత ఎక్కుతుందో పడవ వేసుకు తిరిగేవాళ్లకు తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. ఆ గీత చూసుకునే కట్టాలి. ఉప్పుగాలికి సెల్లు స్ప్రింగులు చిలుం పట్టడం అదనం. అదే కాకినాడ జిల్లాలో 2022 మే నెలలో ప్రత్తిపాడు వైపు పశువుల మీద పడుతున్నది పెద్దపులేనని రూఢి చేసింది కూడా కెమెరాలే. బోన్లు పెట్టినా చిక్కకుండా అది తన దారిన పోయింది.

ఫొటోలో పడేది పులి ఒక్కటే కాదు

ఊళ్లలో ఈ పెట్టెలంటే ఉన్న కోపం గురించి కూడా చెప్పుకోవాలి. కట్టెలకు, తునికాకుకు, ఇప్పపువ్వుకు అడవికి వెళ్లేది ఎక్కువగా ఆడవాళ్లు. చెట్టుకు కన్నుంటే ఎవరికి ఇబ్బంది? కార్బెట్ అడవుల్లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన అధ్యయనం 2024లో వెలువడింది. బహిర్భూమికి వెళ్లిన ఒక మహిళ ఫొటో కెమెరాలో పడి ఊళ్లో చేతులు మారిందని, కోపంతో జనం కెమెరాలు పగలగొట్టారని, ఆడవాళ్లు అడవిలో పాటలు పాడుకోవడం, గట్టిగా మాట్లాడుకోవడం కూడా తగ్గించారని అందులో ఉంది. చప్పుడు లేకుండా నడిస్తే పులి ఎదురుపడే ప్రమాదం పెరుగుతుంది. మనిషిని కాపాడతామని కట్టిన పెట్టె చివరికి మనిషినే పులి ముందుకు తోసినట్టయింది.

లెక్క ముగిశాక ఊళ్ల దగ్గర కెమెరా ఉంచాలంటే ముందు ఇది తేలాలి. ఎక్కడ కడుతున్నారో ఊరికి చెప్పి కట్టాలి. మనుషుల ఫొటోలు ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది రాతపూర్వకంగా ఉండాలి. బీట్ సిబ్బంది సొంత ఫోన్లలోకి ఫొటోలు ఎక్కించుకోవడం ఆగాలి. పులి ఫొటో వాట్సాప్‌లో తిరిగితే వేటగాళ్లకు అడ్రసు ఇచ్చినట్టే అన్నది ఇంకో సంగతి.

రైతు సొంతంగా పెట్టుకోవచ్చా?

హోసూరు, తళి వైపు రాగి కోతల కాలానికి బన్నేరుఘట్ట అడవుల నుంచి ఏనుగులు దిగుతాయి. కృష్ణగిరి జిల్లా రైతులకు ఇది ఏటా ఉన్న బాధే. సొంత పొలంలో కెమెరా పెట్టుకోవడం వేరు, అడవిలో కట్టడం వేరు. అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి లేకుండా కడితే కేసు అవుతుంది. పొలంలో పెట్టినా కెమెరా పంటను కాపాడదు. తిన్నది అడవి పందా, దుప్పా, పక్కింటి ఎద్దా అన్నది మాత్రం తేలుస్తుంది. దేనికి ఏ కంచె వేయాలో దాన్నిబట్టే కదా ఉండేది! లైను నుంచి కరెంటు లాగి తీగలకు ఇచ్చే పని కంటే ఇది వెయ్యి రెట్లు నయం. ఆ తీగలకు ఏనుగులూ పులులే కాదు, నీళ్లు కట్టడానికి వెళ్లిన రైతులూ పోతున్నారు.

పరిహారం కోసం అధికారులు వచ్చి పంచనామా రాయాలి, ఫొటో దానికి తోడు మాత్రమే. ఆ ఫొటో అక్కరకు రావాలంటే దాని మీద తేదీ సరిగ్గా ఉండాలి. చాలామంది మరిచిపోయేది ఇక్కడే. సెల్లన్నీ తీసి కొత్తవి వేస్తే కొన్ని కెమెరాల్లో గడియారం మొదటికొస్తుంది. నిన్న రాత్రి వచ్చిన ఏనుగు ఫొటో మీద ఎప్పుడో ఏళ్ల కిందటి జనవరి 1 అని పడుతుంది. ఆ ఫొటో పంచనామాకు పనికిరాదు. పులి నడకను తేదీలవారీగా కలుపుకుంటూ పోయే శాస్త్రవేత్తకూ పనికిరాదు. సెల్లు మార్చిన ప్రతిసారీ తేదీ, టైము చూసి, కెమెరా ముందు నుంచి ఒకసారి నడిచి, ఫొటో పడిందో లేదో చూసుకుని రావాలి.

వానలకు దించిన పెట్టెల్లో సెల్లు అలాగే వదిలేస్తే కారిపోయి, తెల్లటి ఉప్పు పట్టి, స్ప్రింగులు తినేస్తాయి. జూన్‌లో దించేటప్పుడే సెల్లు తీసేసి, మూత తెరిచి ఆరబెట్టి, పొడి చోట పెట్టాలి. పత్తి ఏరడం మొదలయ్యే ముందు, అంటే సెప్టెంబరు చివరికల్లా, కొత్త సెల్లతో మళ్లీ చెట్టెక్కించాలి. ఆ సెల్లకు డబ్బు రిజర్వు బయటి అటవీ డివిజన్లకు ఏటా విడిగా కేటాయిస్తే తప్ప ఈ పని జరగదు.